గోడకేసి కొట్టినవి

పొద్దున్నే లేచి మేస్త్రి టీ పెట్టుకున్నాడు. పెట్టుకోవడమంటే నీళ్ళూ పాలూ టీపొడీ ఒకేసారి గిన్నెలో గుమ్మరించి, పొంగి పొయ్యి మీద పడ్డాక దించుకోవడం. నెల్లాళ్ళుగా ఆ ఇంట్లో టీ ఇలాగే తయారవుతోంది. పొయ్యి చుట్టూ పాలు మాడి చారలు కట్టాయి. నగరంలో సగం మంది వంటిళ్ళకి అద్దాల్లాంటి టైల్స్ వేసిన మనిషి, తన వంటింట్లో మసిగుడ్డ ఎక్కడుంటుందో తెలియక చొక్కా అంచుతో గిన్నె పట్టుకున్నాడు.

పనిలో మేస్త్రి నిప్పు. రెండు పలకల మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా పీకి మళ్ళీ వేస్తాడు. కోపంలోనూ నిప్పే. తిక్క రేగితే చేతికందింది గోడకేసి కొడతాడు. కప్పు, పళ్ళెం, రేడియో, ఒకసారి ఇస్త్రీపెట్టె. కానీ ఒక్క సంగతిలో మాత్రం ఆయనకి మహా గర్వం.

"మా నాన్న మమ్మల్ని గొడ్డుని బాదినట్టు బాదేవాడు. బెల్టు తీశాడంటే మా అమ్మా నేనూ, ఎవరు దొరికితే వాళ్ళు. నేనలా కాదు. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళాం మీద గానీ పిల్ల మీద గానీ చెయ్యి చేసుకున్నానా? అడగండి" అనేవాడు పదిమందిలో. పక్కనున్న భార్య లేదన్నట్టు తలూపేది. నిజమే మరి, లేదు.

నెల కిందట కుళాయి కారుతోందని ఆమె రెండోసారి గుర్తుచేసింది. ఉప్పు జాడీ గాల్లోకి లేచింది. గోడకి తగిలి పగిలి, పెంకొకటి వెనక్కి ఎగిరొచ్చి ఆమె కనుబొమ్మ చీల్చింది. రక్తం కంట్లోకి కారుతుంటే ఆమె తువ్వాలు అదిమిపట్టుకుని నిలబడింది.

"గోడకేసి కొట్టాను, నీకేసి కాదు" అన్నాడు మేస్త్రి.

కూతురొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కుట్లు వేయించుకుని ఆమె అటునుంచి అటే కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ గడప తొక్కలేదు.

ఇంతలో కూతురే ఫోన్ చేసింది. "నాన్నా, నాకో వంటిల్లు కట్టిపెట్టాలి. గ్యాలరీలో."

ఆ నగరంలో ఏడాదికోసారి కళావారం జరుగుతుంది. ఆ వారమంతా గ్యాలరీలు ఒకదానితో ఒకటి పోటీపడి ప్రదర్శనలు తెరుస్తాయి. సాయంత్రమైతే చాలు, జనం గ్యాలరీల దారి చూపే పటం చేతిలో పట్టుకుని ఒక వీధిలో మునిగి ఇంకో వీధిలో తేలతారు. గోడ మీది బొమ్మ దగ్గర కన్నా బల్ల మీది గ్లాసుల దగ్గరే గుంపు ఎక్కువ. కూతురు మొదట్లో బొమ్మలు వేసేది. ఇప్పుడు బొమ్మలు మానేసి ఏకంగా గదులే చేసి పెడుతోందట.

"బొమ్మంటే బొమ్మ. గదేంటే? గదులు నేను కడుతున్నాను, నన్నెవరైనా కళాకారుడన్నారా?" అన్నాడు మేస్త్రి నవ్వుతూ. లోపల మాత్రం ఇంకో లెక్క వేసుకున్నాడు. ఆ పనిలో పడితే రోజూ భార్య కనిపిస్తుంది. వారం తిరిగేలోగా మెత్తబడుతుంది. ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు.

గ్యాలరీ అంటే ఒకప్పటి గోదాము. తెల్లటి సున్నం, ఎత్తు కప్పు. నడిమధ్యన నేల మీద కూతురు సుద్దముక్కతో గీతలు గీసి ఉంచింది. ఆ గీతలు చూడగానే మేస్త్రి గుర్తుపట్టాడు. పొయ్యి గట్టు, కిటికీ, అరలు, అంతా తమ ఇంటి వంటిల్లే. ఛాతీ రెండంగుళాలు పొంగింది. "అంటే నా పనితనం పదిమందికీ చూపిస్తావన్నమాట."

"అలాంటిదే నాన్నా" అంది కూతురు.

మేస్త్రి ఆ రోజుల్లో పనిచేసినట్టు ఏ షావుకారు బంగళాలోనూ చెయ్యలేదు. భార్య ఓ మూల స్టూలు మీద కూర్చుని, పెట్టెల్లోంచి పింగాణీ పళ్ళాలు తీసి దుమ్ము తుడిచి పేర్చేది. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఎర్రగా మెరిసేది.

"ఇన్ని పళ్ళాలెందుకే? విందా?"

"వచ్చేవాళ్ళకి" అంది భార్య.

"సరే గానీ, ఈ పనయ్యాక సామాను సర్దుకో. ఇల్లు ఇల్లులా లేదు."

"చూద్దాం."

"చూద్దామంటే?"

"చూద్దామంటే చూద్దామనే."

మేస్త్రికి తిక్క రేగింది. చేతిలో తాపీ ఉంది. పళ్ళు బిగించి దాన్ని సిమెంటు తట్టలో పడేశాడు. తనని తానే మెచ్చుకున్నాడు కూడా, ఎంత మారిపోయానో అని.

కూతురితో పేచీ ఒక్క చోటే వచ్చింది. పొయ్యి గట్టు కింద, గోడకీ సిలిండరుకీ మధ్య చిన్న సందు. "దీన్ని మూసేస్తానే. బొద్దింకలు చేరతాయి."

"వద్దు నాన్నా. అది ఉండాలి."

"ఓహో, నువ్వు దూరి పడుకునే సందు కదూ. ఎప్పుడు వెతికినా అక్కడే దొరికేదానివి. అందుకేగా ఎలకా ఎలకా అని పిలిచేది." మేస్త్రి గలగలా నవ్వాడు. తల్లీ కూతురూ నవ్వలేదు. పనిలో అలిసిపోయారనుకున్నాడు.

ప్రారంభం నాటి సాయంత్రం మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని, తను కట్టిన వంటిల్లు పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి పలకల మధ్య సందు గురించి అడుగుతారేమోనని జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ అడగలేదు. గ్యాలరీ నడిపే ఆవిడ అందరికీ వెల్డింగు షాపులో వాడే కళ్ళద్దాల్లాంటివి పంచిపెట్టింది. తర్వాత మైకు తీసుకుంది.

"ఈ వంటింట్లోకి వచ్చినవాళ్ళు ఒక పళ్ళెం తీసుకుని గోడకేసి కొట్టవచ్చు. ఇంకొకరు గట్టు కింది సందులో కూర్చుని ఆ చప్పుడు వినవచ్చు."

మేస్త్రి తన చెవుల్ని నమ్మలేకపోయాడు. ఈలోపే పిల్లిగడ్డం కుర్రాడొకడు గ్లాసు కింద పెట్టి, పళ్ళెం తీసుకుని, స్నేహితుల వైపు కన్నుకొట్టి విసిరేశాడు. పళ్ళెం ముక్కలైంది. దాంతోపాటు కిటికీ కింది టైల్ అంచు ఎగిరిపోయింది. జనం హాయిగా నవ్వారు. ఎద్దు పుండు కాకికి ముద్దా మరి.

"ఎవడ్రా నువ్వు" అంటూ మేస్త్రి ఒక్క ఊపున వెళ్ళి కుర్రాడి కాలర్ పట్టుకున్నాడు. పట్టుకుని ద్వారబంధానికేసి అదిమాడు. కుర్రాడి ముఖం ఠంగున దానికి తగిలింది. ముక్కులోంచి రక్తం సన్నగా కారి పిల్లిగడ్డంలోకి దిగింది. ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

"వదులు నాన్నా." కూతురు మధ్యలోకి దూరి తండ్రి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. కుర్రాడు ముక్కు పట్టుకుని జనంలోకి తప్పుకున్నాడు.

"నా చేత్తో కట్టించి, దారినపోయే దానయ్యల చేత పగలగొట్టిస్తావా? సిగ్గులేదుటే? కన్నతండ్రిని నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చెయ్యడానికా పిలిచావు?"

"నవ్వులపాలు ఎందుకవుతావు? ఇక్కడున్న ఎవరికీ మనమెవరో తెలీదు."

"ఆ ఇల్లు నేను కట్టాను. ఆ ఇంట్లో నీకు తిండి పెట్టాను. ఒక్క దెబ్బ వేశానా నిన్ను? నీ ఒంటి మీద ఒక్క వాత చూపించు. మీ తాత చేతిలో పడి ఉంటే తెలిసేది."

"తాత కొట్టేవాడు. అయిపోయేది. నువ్వూ నానమ్మా ఏడ్చి పడుకునేవాళ్ళు. మాకు ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదు నాన్నా. నువ్వింకో పళ్ళెం తీస్తావేమోనని."

"నోరు ముయ్యి."

"మూస్తాను. ఇదుగో." కూతురు పక్కనున్న దొంతరలోంచి ఒక పళ్ళెం తీసి తండ్రి చేతిలో పెట్టింది. సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది. "నీ వంటిల్లే. నీ గోడే. పరాయివాళ్ళెందుకు, నువ్వే కొట్టు. నీ అంత బాగా ఎవరికీ రాదు."

"వద్దే" అంది జనంలోంచి తల్లి గొంతు. చిన్నగా, అలవాటైన గొంతు.

మేస్త్రికి కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఏం చేస్తున్నాడో ఆయన చేతికే తెలియాలి. పళ్ళెం గోడ మీద పేలింది. ఇందాకటి కుర్రాడు విసిరింది ఆట. ఇది ఆట కాదని చప్పుడే చెప్పింది. జనంలో నవ్వు ఆగిపోయింది. రెండో పళ్ళెం, మూడో పళ్ళెం. అరలు కూలాయి. తను ప్రాణం పెట్టి అతికించిన టైల్స్ పెచ్చులు పెచ్చులుగా ఊడి రాలుతున్నాయి. పెంకు ఒకటి తిరిగొచ్చి ఆయన అరచేతిలోనే దిగింది. లెక్కచెయ్యకుండా, బూతులు తిడుతూ, దొంతర దొంతరే ఎత్తి కొట్టాడు. ఇంకో దాని కోసం చెయ్యి చాపితే దొరకలేదు. విసిరేటప్పుడు ఎన్నడూ వెనక్కి చూడని మనిషి, పక్క దొంతర కోసం అప్పుడు వెనక్కి తిరిగాడు.

తిరిగి, అలాగే ఉండిపోయాడు.

కూతురు ఎదురుగా లేదు. గట్టు కింది సందులో ఉంది. ముప్పై ఏళ్ళ మనిషి, ఇందాక కళ్ళలోకి చూసి పళ్ళెం అందించిన మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, రెండు చేతుల్తో చెవులు మూసుకుని, గోడలోకి ఇంకిపోవాలన్నట్టు ఒత్తుకుని ఉంది. ఆమెకి ముందు తల్లి. సందుకి అడ్డంగా, వీపు మేస్త్రి వైపు పెట్టి, గట్టు అంచు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుని ఉంది. తల వంచుకుంది. మెడ మీదా జుట్టులోనూ పింగాణీ పెంకులు.

ఎవరూ ఎవరినీ పిలిచినట్టు లేదు. ఎవరి చోటు వాళ్ళకి తెలుసు. ఎన్నోసార్లు చేసి చేసి నున్నబడిన పనిలా ఉంది.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. "కొట్టకండి" అంది తల్లి, కదలకుండానే. గ్యాలరీ ఆవిడకి సంగతి అర్థమైంది. జనాన్ని పక్క గదిలోకి తోలి తలుపు వేసింది.

మేస్త్రి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పెంకులు గుచ్చుకున్నాయి. అరచేతిలోంచి రక్తం మణికట్టు దాకా కారుతోంది.

"ఎప్పుడూ ఇంతేనా?"

"ఏది?" అంది భార్య, వీపు తిప్పకుండా.

"ఇలా. అది లోపల, నువ్వు అడ్డం."

"మరి? గోడకే తగలాలని పెంకులకి తెలుసా?"

"నేను చూడలేదే."

"మీరు గోడని చూసేవారు."

సందులోంచి కూతురి ఏడుపు వినిపిస్తోంది. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు, బయటికి రాని ఏడుపు. చప్పుడు చెయ్యకుండా ఏడవడం ఈ పిల్ల ఎక్కడ నేర్చుకుందో మేస్త్రికి ఇవాళ తెలిసింది. ఒకప్పుడు తన తండ్రి బెల్టు శబ్దం వినబడగానే మంచం కింద దూరి ఇలాగే ఏడ్చిన పిల్లాణ్ణి ఆయన ఎరుగును. నాన్నలా కానని వాడికి తను మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాననే ఇంతకాలం అనుకున్నాడు.

"అడగండి" అంది భార్య. అలిసిపోయిన గొంతు. "వారం నుంచీ అడుగుతున్నారుగా, సామాను సర్దుకోమని. ఇప్పుడూ అడగండి. చెప్తాను."

మేస్త్రి రక్తం కారుతున్న తన అరచేతి వంక చూసుకున్నాడు.

"రాకు."

ఆమె వీపు బిగుసుకుంది.

"నిజంగానే రాకే. నేను పిలిచినా రాకు, బతిమాలినా రాకు. నా మీద నాకే నమ్మకం లేదు. ఇప్పుడు కూడా చూశావుగా, చేతికందితే ఆగలేదు." ఆయన భుజాలు ఎగిరిపడుతున్నాయి. "ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో భయం లేకుండా పడుకున్నది నేనొక్కణ్ణే. ఇక మీరిద్దరూ పడుకోండి. నేను ఎవరినైనా అడిగి, ఏదైనా చేసి, ఈ రోగం సంగతి తేల్చుకుంటాను. అప్పుడు రమ్మంటే... అప్పుడు కూడా నీ ఇష్టం."

రాను అని చెప్పడానికి ఆమె నెల్లాళ్ళుగా కూడగట్టుకున్న బలమంతా ఒక్కసారిగా పనిలేకుండా పోయింది. కుట్లు వేసిన రోజున కూడా ఏడవని మనిషి, నుదురు గట్టుకి ఆనించి భోరుమంది. మేస్త్రి ముట్టుకోలేదు. దగ్గరికి జరగలేదు. ఉన్నచోటే పెంకుల్లో కూర్చుని, రెండు చేతులూ వాళ్ళకి కనబడేలా ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాడు.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది. భుజం మీంచి తిరిగి ఆ చేతుల వంక చూసింది. తర్వాత గట్టు అంచు వదిలిపెట్టి, సందుకి అడ్డం తప్పుకుంది.