ఇంచోన్‌లో ఒక అతుకు

సోమవారం పొద్దున్నే ఇంచోన్ రేవులో ఒక ముసలి మెకానిక్ శవం దొరికింది. గుండెలో ఒకే తూటా. పిడికిట్లో వెంట్రుకంత సన్నటి రాగితీగ.

పదింటికి చీఫ్ నామ్ ఫైలు తెరిచాడు. ఎదురుగా ఏజెంట్ హ్వాజా. సీక్రెట్ సర్వీసుకు రాకముందు పదేళ్లు ఫ్యాక్టరీల్లో సర్క్యూట్ బోర్డులకు తీగలు అతికిన మనిషి.

"కొండమీది రాడార్ బోర్డు ఆయన పనిచేసే షాపుకి రిపేరుకొచ్చింది. ఆ షాపు శత్రువుల చేతిలో ఉంది. బోర్డుకి ఒక తీగ అదనంగా వేయిస్తారు. సాయంత్రం ఆరింటికి రిమోట్ నొక్కితే రాడార్ ఆగిపోతుంది. వాళ్ల జలాంతర్గామి లోపలికొచ్చేస్తుంది."

"ఆ ముసలాయన?"

"వేయనన్నాడు. ఆయన చోట మీరు చేరండి. తీగ వేయండి, కానీ అది పనిచేయకూడదు. జలాంతర్గామి దొరకాలి, అందుకే ఆరు దాటేదాకా మేం రాం. లోపల మన ఏజెంట్ సెరా ఉంది." పేజీ తిప్పాడు. "మొదటి ఫ్యాక్టరీలో మిమ్మల్ని వారానికే తీసేశారట?"

"టంకం మీద ఊదానని సర్."

రిపేరు షాపు మూడో అంతస్తు. హ్వాజా లోపలికి అడుగుపెట్టగానే బయట తాళం పడింది. కిటికీకి ఊచలు. దూరంగా కొండమీద కదలని రాడార్.

"బార్లీ టీ ఉందా?" అంది హ్వాజా.

"చల్లారిపోయిందక్కా." కోడ్ సరిపోయింది. సెరా నవ్వుతూ ఆమె ముడిలోంచి ట్రాన్స్‌మిటర్ పిన్ను లాగి టీలో పడేసింది. రెండో చేతిలో పిస్తోలు. "చీఫ్ ఇంకా పాత మోడలే ఇస్తున్నారా? కూర్చో అక్కా. నా గోళ్లతో అయ్యే పని కాదిది. అతుకు కలిస్తే ఈ మీటర్ బీప్ మంటుంది. అనకపోతే ముసలాయన పక్కన నీకూ చోటుంది."

హ్వాజా మైక్రోస్కోప్ కింద తీగ పరిచింది. కొసకు టంకం పెట్టే ఐరన్ తాకించింది. పొగ లేచింది. ఉఫ్‌మని ఊదింది.

"ఆ ఊదుడేంటి?"

"వేడి సూప్ తాగే నోరమ్మా. అలవాటు."

అతుకు పక్కన, తీగ కదలకుండా ఎర్రజిగురు చుక్క పెట్టింది. సెరా మీటర్ సూదిని అతుకు మీద గోరు తెల్లబడేలా నొక్కింది. బీప్. బోర్డు కొండకు వెళ్లిపోయింది.

ఇక ఎదురుచూపే. అయిదింటికి రాడార్ తిరగడం మొదలైంది. హ్వాజా ఊచల మధ్య నుంచి చుట్లు లెక్కపెడుతోంది. గట్టిపడకముందే ఊదిన టంకం పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల పగులుతుంది. నొక్కితే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది. అన్నీ కాదు. మొదటి ఫ్యాక్టరీలో ఆ వారంలో ఆమె పాడుచేసిన వందలో మూడు అతుకులు నిలిచాయి. ఇది ఆ మూడింట్లో ఒకటైతే?

ఆరు. సెరా రిమోట్ నొక్కింది.

రాడార్ తిరుగుతూనే ఉంది.

మళ్లీ నొక్కింది. సముద్రం మీద సైరన్ మోగింది. పిస్తోలు లేచేలోపే హ్వాజా చేతిలోని ఆర్పని ఐరన్ సెరా మణికట్టును తాకింది. పిస్తోలు కిందపడింది. మెట్ల మీద బూట్ల చప్పుడు, తలుపు విరిగిన చప్పుడు.

బేడీలు పడుతుంటే సెరా తల తిప్పింది. "బీప్ మంది కదక్కా. నేనే విన్నాను."

"మీటర్ తప్పేం లేదమ్మా," అంది హ్వాజా ఐరన్ ప్లగ్ తీస్తూ. "నువ్వే మా పాత సూపర్‌వైజర్‌లా మరీ గట్టిగా నొక్కావు."