వెనక చక్రం కింది నిమ్మకాయ

ఆత్మకూరులో పన్నెండు దాటితే రోడ్డు మీద కుక్క కూడా తిరగదు. ఎండ అలాంటిది. నా షెడ్డు బస్టాండుకి కొంచెం అవతల. పేరు కోటేశ్వర్, అందరికీ కోటేశన్న. బండికి కంపెనీ ఇచ్చిన పెట్రోలు కంప్యూటర్ పీకేసి, మనం చెప్పినట్టు వినే బాక్సు పెట్టే పని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే చేస్తాను. లాప్‌టాప్ తగిలించి, ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో అంకె అంకె నేనే రాస్తాను. నెల్లూరు నుంచి కూడా వస్తారు. గొప్పలు చెప్పుకోవడం కాదు... సరే, గొప్పలే అనుకోండి. ఇక మీదట చెప్పుకోవడానికి అవి కూడా లేవు.

పోయిన శుక్రవారం పన్నెండు గంటలప్పుడు గోపిక వచ్చింది. ఉదయగిరి పిల్ల, వింజమూరులో బట్టలకొట్టులో పని చేస్తుంది. వచ్చింది వంశీ బండి మీద. వంశీ ఆ పిల్ల తమ్ముడు. నాలుగు నెలల కింద, నా షెడ్డులోంచి బయల్దేరిన పావుగంటకి, ఉదయగిరి రోడ్డులో కల్వర్టు మలుపు దగ్గర బండి మీంచి పడి చనిపోయినాడు. బండిని విరిగిన చోటల్లా బాగుచేయించినట్టుండారు, బాక్సు మాత్రం నేను పెట్టిందే.

"కోటేశన్నా, ఈ బాక్సులో అంతా రికార్డవుద్దంట కదా?"

"అవుద్ది. ఏం?"

"మావోడు తాగి పడినాడని ఊరంతా అంటాంది. మా అమ్మ గొర్రెలు తోలుకొని బయటికి పోవడమే మానేసింది. వాడు తాగడని నీకు తెలీదా అన్నా? ఆ కడపటి నిమిషం ఏం జరిగిందో తీసి చూపించు. నాకింకేం వద్దు."

నాకు తెలుసు. వాడు గోలీసోడా తప్ప ఇంకోటి ముట్టడు.

"ఇంకోటన్నా. రేజు పిడి వదిలేసినా బండి లాగతానే ఉండాది. వచ్చేటప్పుడు రెండు తూర్లు గుండె ఆగినంత పనయింది."

ఎందుకు లాగుతుందో కూడా నాకు తెలుసు. వంశీ బాక్సు పెట్టించుకున్న రోజు వాళ్లమ్మ దేవకమ్మ పంచాంగం చూపించి, పన్నెండున్నరకి వర్జ్యం వస్తుంది, ఆ లోపల బండి షెడ్డు దాటాలని చెప్పి పంపింది. బాక్సు బిగించడం అయిపోయింది. కానీ ఇంజను వేడి చెప్పే సెన్సరు ప్లగ్గు దానికి సరిపోలేదు. వేరేది చెన్నై నుంచి రావాలి. నాలుగు రోజులు పడుతుంది. అంతవరకు ఆగుదామంటే ముహూర్తం పోతుంది. అందుకని ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉందని బాక్సులో ఒక అబద్ధపు అంకె రాసినాను. చల్లని ఇంజను ఆగిపోకుండా బాక్సు తనే రేజు పట్టి ఉంచుతుంది, వేడెక్కినాక వదులుతుంది. ఈ బాక్సుకి వేడెక్కిన సంగతే తెలీదు. ఇక వదలదు.

వారంలో సరిచేద్దాంలే అనుకున్నాను. ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ, వెనక చక్రం కింద ఒక నిమ్మకాయ పెట్టినాను. పన్నెండూ ఇరవైకి వంశీ రెండూ తొక్కించి నవ్వుకుంటా పోయినాడు. మంచి టైము తప్పలేదు.

గోపికని ఎదురుగా సోడా బండి నీడలో కూర్చోమని, వంశీ బండిని లోపలికి తోసి షట్టరు మోకాలెత్తు దాకా దించినాను. ఎండ పడితే స్క్రీను కనపడదు. లోపల చీకటి, పెట్రోలు వాసన, ఉక్క. కేబులు తగిలించి ఆ రోజు రికార్డు తెరిచినాను. కల్వర్టు మలుపుకి ఎంతో ముందే వాడు రేజు పూర్తిగా వదిలేసినాడు. సున్నా. ఇంజను మాత్రం నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గర అట్లనే నిలబడి ఉండాది. ఆరు సెకన్లు. ఆ తర్వాత అన్నీ సున్నాలే.

నేనొక పాపిష్టి నాకొడుకుని. వంశీని నేనే చంపినాను.

ఆ మాట నోటి దాకా వచ్చింది. షెడ్డు, పేరు, పెళ్లికెదిగిన నా కూతురు, అన్నీ కళ్ల ముందర తిరిగినాయి. రికార్డు చెరిపేసినాను. అబద్ధపు అంకె మారిస్తే మార్చిన తేదీ బాక్సులో పడుతుంది. అది కూడా ముట్టుకోలేదు. అట్లనే వదిలేసినాను. చూడండి ఎంత పిరికివాణ్ణో.

"ఖాళీగా ఉండాదమ్మా. దెబ్బకి చెడిపోయినట్టుండాది."

ఆ పిల్ల ఏడవలేదు. నా మొఖం వైపు కాసేపు చూసింది. "సరేలే అన్నా," అంది. మెల్లగా పొమ్మని చెప్పినాను. అప్పుడు టైము పన్నెండూ ఇరవై.

లోపలికొచ్చి లాప్‌టాప్ మూయబోయినాను. స్క్రీను మీద గళ్ల పట్టిక ఉంటుంది. బండి నడిచేటప్పుడు రేజుని బట్టి, ఇంజను స్పీడుని బట్టి ఒక పచ్చచుక్క గడి గడికీ తిరుగుతుంది. బండి పోయింది. కేబులు కొస నా చేతిలోనే ఉండాది.

చుక్క కదిలింది.

పైకి పోయింది, తగ్గింది, మళ్లీ పైకి. తగ్గిన చోటు డిపో ముందర స్పీడ్‌బ్రేకరు. బరువుగా ఎక్కిన చోటు కాలవ వంతెన. పదిహేనేళ్లుగా ఆ రోడ్డు మీదే బండ్లు ట్యూన్ చేస్తున్నాను, నాకు గుంట గుంటా తెలుసు. అది గోపిక పోయే దారి. కేబులు కింద పడేసినాను. చుక్క ఆగలేదు.

ఫోన్ చేసినాను. మోగుతా ఉండాది. ఎత్తదు. మళ్లీ చేసినాను... మళ్లీ...

కల్వర్టు దగ్గరపడింది. రేజు సున్నా అయింది. చుక్క నాలుగు వేల దగ్గర నిలబడింది.

ఒక సెకను. రెండు. మూడు...

"క్లచ్చి పట్టమ్మా! తల్లీ, క్లచ్చి పట్టు!" అని స్క్రీను మీద పడి అరిచినాను.

అయిదు...

అన్నీ సున్నాలు.

నేల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఫోన్ మోగింది.

"అన్నా..." గోపికే. "బండి దానంతట అదే ఆగిపోయింది. కల్వర్టుకి పది అడుగులు కూడా లేదు."

"నువ్వు బాగుండావా?"

"బాగనే ఉండాను. అన్నా... క్లచ్చి నేను పట్టలేదు. నా చేతి మీద ఎవరిదో చెయ్యి పడి క్లచ్చి నొక్కింది."

"తాళం తీసెయ్యి. బండి ముట్టుకోబాక."

"తీసేసినా. నా చేతిలోనే ఉండాది."

అప్పుడు చుక్క మళ్లీ కదిలింది. ఈసారి వెనక్కి. ముందు కాలవ వంతెన... ఆ తర్వాత డిపో స్పీడ్‌బ్రేకరు... పావుగంట దారి, రెండు నిమిషాలు పట్టలేదు.

నేను షట్టరు నేలకి లాగి తాళం వేసినాను. చీకటి. స్క్రీను వెలుగు తప్ప ఏమీ లేదు.

దూరంగా ఇంజను శబ్దం. దగ్గరికొచ్చింది. షట్టరు అవతల ఆగింది. ఆగి... నాలుగు వేల మీద అట్లనే అరుస్తా ఉండాది. రేకు వణుకుతా ఉండాది. వేడి గాలి షట్టరు కింది సందులోంచి నా కాళ్లకి తగిలింది.

"అన్నా," ఫోనులో గోపిక గుసగుసగా అడిగింది, "నీ దగ్గర ఎవరు?"

"ఎవరూ లేరమ్మా..."

"ఆ శబ్దం మా వంశీ బండిది. నాకు తెలీదా? బండి నా ముందర ఉండాదే..."

ఇక ఆగలేదు నా నోరు. ప్లగ్గు సంగతి, వర్జ్యం సంగతి, అబద్ధపు అంకె, చెరిపేసిన రికార్డు, అన్నీ చెప్పేసినాను. వాడు తాగలేదమ్మా, రేజు వదిలేసినాడమ్మా, వదలనిది నేను రాసిన అంకె అని ఏడ్చినాను.

ఇంజను శబ్దం ఇటు షట్టరు అవతలా, అటు ఫోనులో గోపిక పక్కనా వినపడతా ఉండాది.

"నాకు చెప్తే ఏం లాభం?" అంది గోపిక. "మా ఊరొచ్చి మా అమ్మకి చెప్పు. నలుగురూ వినేటట్టు చెప్పు."

"చెప్తానమ్మా. నా బిడ్డ మీద ఒట్టు."

శబ్దం ఆగింది.

ఎప్పటికో ధైర్యం తెచ్చుకొని షట్టరు లేపినాను. రోడ్డు మీద పురుగు లేదు. సోడా బండివాడు కునుకు తీస్తున్నాడు. ముందు వాసన తగిలింది. పచ్చి నిమ్మకాయ వాసన. గడప లోపల, నేను నిలబడిన చోటుకి మూరెడు దూరంలో, ఒక నిమ్మకాయ చితికి రసం కారుతా ఉండాది. ఇంకోటి గడప బయట ఉండాది. దానికి చిన్న గీత కూడా పడలేదు.

ముందు చక్రం లోపలికొచ్చింది. వెనక చక్రం ఇంకా రాలేదు.

గోపిక ఆ బండిని కల్వర్టు దగ్గరే వదిలేసి ఆటోలో ఇల్లు చేరిందంట. ఇవాళ్టికి ఆరు రోజులు. నేనింకా ఉదయగిరి పోలేదు. రోజూ పొద్దున చొక్కా వేసుకుంటాను, బస్టాండు దాకా పోతాను, దేవకమ్మ మొఖం గుర్తొచ్చి వెనక్కి వస్తాను.

ఆ రెండో కాయని రోజూ తీసి కాలవలో పారేస్తాను. తెల్లారితే గడప బయటే ఉంటుంది. ఇంత ఎండలో వాడిపోదు, రంగు మారదు.

ఇవాళ పొద్దున షట్టరు లేపి చూసినాను. కాయ ఒక పక్క కొంచెం నలిగి ఉండాది.

రేపు శుక్రవారం.