మార్తా పొదలో తెల్లతోక

"పోపుల డబ్బా పక్కన తూటాల డబ్బా పెట్టింది ఎవరూ...!"

వీధి ఆ చివర నుంచి కేక. నవంబరు చలికి ఈ పరాయిదేశంలో మా ఊరు బ్రాంప్టన్‌లో ప్రతి ఇల్లూ తలుపులు బిగించుకుని కూర్చుంటుంది. అయినా ఆ కేక మా వంటింటిదాకా వచ్చేసింది. మా ఆవిడ కమలకుమారి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"సరోజ వదిన," అంది. "అన్నయ్యగారి పని ఇవాళ అయిందే. వెళ్ళి చూడండి."

ఆవిడ చెప్పేలోపే నేను కోటు తొడుక్కున్నాను. ఇలాంటివి చూడకపోతే నాకు పొద్దుపోదు.

వెళ్ళేసరికి సరోజ చెల్లెమ్మ ఇంటిముందు మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో ఎర్ర అట్టపెట్టె. చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది.

"చూడండి అన్నయ్యగారూ! కార్తీక సోమవారం. నాకు ఉపవాసం. ఈయన జింకల్ని చంపే తూటాలు తెచ్చి నా వంటింట్లో పెడతాడా?"

మా వీరభద్రరావు బావ ఆరడుగుల మనిషి. ఈ దేశం ఆ కొస నుంచి ఈ కొసకి లారీ తోలినవాడు. గుమ్మంలో పాలు తాగిన పిల్లిలా నిలబడ్డాడు.

"తుపాకీ ఒకచోట, తూటాలు ఒకచోట పెట్టాలి సరోజా. అది రూలు."

"నాదీ ఒక రూలు ఉంది. వినండి. ఇదే ఆఖరు ఏడు. ఇవాళ జింక లేకుండా ఇంటికి వచ్చారో, ఆ తుపాకీ అమ్మేయాలి. జింకతో వచ్చినా పోలిపాడ్యమి దాటేదాకా ఫ్రీజర్లోంచి తియ్యను. ఈ దేశం వాళ్ళకి వేట సీజను పెట్టుకోడానికి కార్తీకమాసమే దొరికిందా!"

బావ నావైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను.

ఇంతకీ ఆయన వేటకి వెళ్ళే చోటు ఉందే... దానికి మంచి పేరు లేదు.

ఉత్తరంగా మూడు గంటలు వెళ్ళాలి. తారురోడ్డు పోయి మట్టిరోడ్డు వస్తుంది. అక్కడ ఒక వాగు. వాగుకి ఇటూ అటూ సీడర్ పొదలు — చెయ్యి దూరిస్తే మన చెయ్యి మనకి కనబడదు, అంత దట్టం. పొద అవతల ఒక పాత చెక్క ఇల్లు, ఏళ్ళ తరబడి ఖాళీ. అక్కడివాళ్ళు ఆ చోటుని మార్తా పొద అంటారు.

మార్తా అనే ఆవిడ ఆ ఇంట్లో ఉండేదట. ఓ రోజు పొద్దుగూకే వేళ మొగుడు నీళ్ళకని వాగు దగ్గరికి వెళ్ళాడు. పొదలో కదలిక చూసి, అతని సొంత తమ్ముడే అతన్ని జింక అనుకుని కాల్చేశాడు. ఆ రాత్రి లాంతరు పట్టుకుని పొదలోకి దిగిన మార్తా... ఇంకా వెతుకుతూనే ఉందట.

అందుకే ఆ పొదలోకి ఎవడు కాల్చినా తూటా తిన్నగా పోదంటారు. మార్తా అరచెయ్యి అడ్డం పెట్టి పక్కకి నెట్టేస్తుందట.

"దెయ్యమా, గాడిదగుడ్డా!" అనేవాడు బావ. అనేవాడే గానీ — ఆ పొద దగ్గర ఆయన ఒక్క జింకనీ కొట్టలేదు. అదీ ఆయన బాధ.

మొదట సూదిమొన తూటాలు కొన్నాడు. తేలిక, మహా వేగం. జింక ఎదురుగా నిలబడింది, కాల్చాడు, తూటా ఎటు పోయిందో తెలీదు. జింక ఇంకో ఆకు తిని మరీ వెళ్ళింది. వేగం ఎక్కువైతే చిన్న పుల్ల తగిలినా పక్కకి తిరుగుతుందని ఎవరో చెప్పారు. సరే అని బరువు పెంచాడు. తూటా బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు — ఆ గ్రెయిన్ల లెక్కే మాకు పండగలకీ పబ్బాలకీ భోజనాల దగ్గర ఉపన్యాసం. బరువు తూటా కూడా తప్పింది. వీధిలో దక్షిణామూర్తి గారని ఇంజనీరు ఉన్నారు. ఆయన చెప్పేదొకటి. యార్డులో లారీవాళ్ళు చెప్పేదొకటి. ఇంటర్నెట్టులో ఒకడు చెప్పినదాన్ని ఇంకొకడు తిడతాడు. బావకి నిద్రపట్టేది కాదు. నేను వాళ్ళింటికి వెళ్తే చాలు, ఉప్పుడబ్బా మొద్దుమొన తూటా అనుకుని, అగ్గిపుల్లలు పొద అనుకుని నాకు బోధించేవాడు.

ఈసారి అన్నిటికంటే బరువైనది తెచ్చాడు. మొన గుండ్రంగా, మొద్దుగా, ఎద్దు మూతిలా ఉంది. అమ్మిన ముసలాయన కూడా ఊరుకోలేదట. "పొదలో ఏ తూటానీ నమ్మకు. సందు దొరికేదాకా ఆగు," అన్నాడట.

"ఆగడానికి నేనేమైనా బస్సు కోసం వెళ్తున్నానా బావగారూ!" అని నామీద ఎగిరాడు బావ. "ఇది కొమ్మల్ని చీల్చుకుని పోతుంది. మార్తా చెయ్యి కాదు, మార్తా తాత చెయ్యి అడ్డం పెట్టినా సరే!"

ఎర్రపెట్టె తీసుకుని, బేస్‌మెంట్‌లోంచి తుపాకీ తెచ్చుకుని, ఒక్కడే వెళ్ళాడు. అక్కడ జరిగింది తర్వాత మా సోఫాలో కూర్చుని, టీ చల్లారబెట్టుకుని ఆయన చెప్పిందే. విన్నది విన్నట్టు చెబుతున్నా.

ఆ రోజంతా మబ్బు. మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. పడీపడని మంచు. బావ నారింజరంగు కోటు, నారింజరంగు టోపీ పెట్టుకుని — వేటవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోకుండా అది తప్పనిసరి — ఒక మొద్దు మీద కూర్చున్నాడు. ఎదురుగా పొద. పొద లోపల వాగు.

ఏమీ రాలేదు.

కాళ్ళు మొద్దుబారాయి. ముక్కు ఉందో లేదో తెలీడం లేదు. ఇంటికెళ్తే తుపాకీ పోతుంది... తుపాకీ పోతే వీధిలో మా అందరి నోళ్ళూ మూయలేడు. "ఎంత కసిగా ఉందంటే బావగారూ, ఆ మొద్దుని కూడా కాల్చాలనిపించింది," అన్నాడు.

వెలుగు సన్నబడింది. వేట ఆపేయాల్సిన సమయం దగ్గరపడుతోంది.

అప్పుడు... పొదలో చిటుక్కుమంది.

ఊపిరి బిగబట్టాడు. కొమ్మల వెనక ఏదో గోధుమరంగు. కదిలింది... ఆగింది. దాని పైన తెల్లగా ఒక ముక్క — కిందికి వంగింది, పైకి లేచింది. మళ్ళీ వంగింది.

ఇక్కడి జింకకి తోక కింద తెల్లగా ఉంటుంది. బెదిరితే జెండాలా ఎత్తుతుంది.

"దొరికావే," అనుకున్నాడు బావ.

తుపాకీ ఎత్తాడు. మధ్యలో కొమ్మలు — చిక్కగా, అడ్డదిడ్డంగా. మామూలుగా అయితే పళ్ళు కొరికేవాడు. ఇవాళ నవ్వుకున్నాడు. ఎద్దుమూతి తూటా లోపల ఉంది కదా. సేఫ్టీ మీట తీశాడు. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది...

పొదలో వెలుగు.

చిన్నది. పసుప్పచ్చగా. నేలకి జానెడు ఎత్తులో.

బావ కళ్ళు మూసి తెరిచాడు. ఇంకొకటి వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. అవి మెల్లగా... వణుకుతూ... నీళ్ళమీద జరుగుతున్నాయి.

జింకలు దీపాలు పెట్టవు.

"వీపుమీద ఎవరో మంచుగడ్డ పెట్టి రాసినట్టయింది," అన్నాడు బావ. లాంతరు... మార్తా... అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పరిగెడదామంటే కాళ్ళు లేవు. కాలుద్దామంటే — దెయ్యాన్ని కాలిస్తే ఏమవుతుందో ఏ ఇంటర్నెట్టులోనూ చదవలేదు. తుపాకీ మాత్రం అటే ఉంది. వేలు అక్కడే ఉంది.

తెల్లముక్క పైకి లేచింది. ఇప్పుడది మనిషి తలంత ఎత్తులో ఉంది.

గుసగుసగా ఆడగొంతు వినిపించింది...

"ఇంకా... కనబడ్తలేదు..."

తెలుగు!

మార్తాకి తెలుగెలా వచ్చిందని ఆశ్చర్యపోయే తెలివి కూడా అప్పుడు లేదట ఆయనకి. అంతలో పొద అవతల, ఆ ఖాళీ ఇంటివైపు నుంచి, దబ్బున తలుపు తెరుచుకున్న చప్పుడు. ఒక మగగొంతు అరిచింది.

"వర్షా! సుక్క కనబడ్డదా లేదా? పులిహోర సల్లగైతున్నదే!"

"మబ్బులున్నయ్‌రా రేవంత్! నేనేం జెయ్యాలె? ఆకలికి నాకే కండ్లు తిరుగుతున్నయ్!"

బావ వేలు ట్రిగ్గర్ మీంచి వచ్చేసింది. తను తియ్యలేదట, దానంతటదే వచ్చిందట. తుపాకీ నేలవైపు దించి, సేఫ్టీ వేసి, తూటాలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. అవి మంచులో పడిపోయాయి. ఏరుకోలేదు.

"అమ్మాయ్..." అని పిలిచాడు. "భయపడకు... నేను మనిషినే..."

చీకట్లో పొద చీల్చుకుని, నారింజరంగు కోటులో, ఆరడుగుల మనిషి, తుపాకీతో!

"దెయ్యం...!" అని వర్ష పెట్టిన కేకకి నిజం మార్తా ఉంటే ఆవిడే పారిపోయేది.

పిల్లలు ఏడెనిమిది మంది ఆ ఇంట్లోంచి ఉరికొచ్చారు. ఒకడి చేతిలో అట్లకాడ, ఒకడి చేతిలో మంచు తోడే పార. అందరూ ఆ దగ్గర ఊళ్ళో కాలేజీకి చదువుకోడానికి వచ్చినవాళ్ళు. ఆ ఏడు ఎంతమంది పిల్లలు దిగారో మీకు తెలుసుగా — ఊళ్ళో గది కాదు కదా, గ్యారేజీ కూడా అద్దెకి దొరకలేదు. ఇంటి ఓనరు ఆ ఖాళీ కొంపకి హీటర్లు పెట్టి వీళ్ళకి ఇచ్చేశాడు. ఇది వేట సీజనని ఒక్క ముక్క చెప్పలేదు. బావకి ఆ ఇల్లు ఖాళీగా లేదనే తెలీదు.

వర్షని వెలుగులో చూశాడు. గోధుమరంగు కోటు. కార్తీక సోమవారమని తలస్నానం చేసింది, హెయిర్ డ్రయ్యర్ పెడితే ఫ్యూజు పోతుందని తలకి తెల్ల తువ్వాలు చుట్టుకుంది. కప్‌కేకుల రేకు గిన్నెల్లో నెయ్యి వత్తులు పెట్టి వాగులో వదలడానికి వచ్చింది. ఒడ్డున నీళ్ళు గడ్డకట్టి దీపాలు కదలకపోతే, వంగి పుల్లతో తోస్తోంది. వంగడం... లేవడం...

బావకి ఒళ్ళు మండింది. భయం కోపంగా తిరిగింది.

"బుద్ధుందా మీకు? తెల్ల తువ్వాలా? నవంబరులో? అడవిలో? అది జింకతోకలా ఉంటుందని తెలీదూ!"

"తలస్నానం జేస్తే తువ్వాలు గాక ఏం జుట్టుకుంటరు అంకుల్?" అంది వర్ష ఏడుపు గొంతుతో. "జింకకి తోక తెల్లగుంటదని మా ఊర్ల ఎవరు జెప్పిన్రు?"

బావ మంచులోనే కూలబడి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రేవంత్ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అంకుల్... కాల్చబోయిన్రా?"

బావ తలూపాడు.

రేవంత్ చేతిలో అట్లకాడ కిందపెట్టి, ఆయన్ని రెండు చేతులా పట్టుకుని లేపాడు.

ఇంట్లోకి తీసుకెళ్ళారు. బావ తుపాకీ కారులో పెట్టి తాళం వేసి వచ్చాడు. వంటగదిలో పులిహోర, దద్దోజనం, దుంపల వేపుడు. ఎవరూ ముట్టుకోలేదు. వర్ష నక్షత్రం చూసేదాకా తినదు, వర్ష తినకుండా మిగతావాళ్ళు తినరు. పొద్దున్న డ్యూటీ దిగి వచ్చినవాడొకడు గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. ఆకాశం చూస్తే కంబళి కప్పినట్టుంది.

"వదిలేయమ్మా, ఏమీ కాదు," అన్నాడు బావ.

"మా అమ్మకి మాటిచ్చిన అంకుల్."

ఇంక బావ ఆ మాట ఎత్తలేదు. వేటకని తెచ్చుకున్న బైనాక్యులర్ మెడలో వేసుకుని పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. మెడ నొప్పెట్టింది, కళ్ళు నీళ్ళు కారాయి. కదల్లేదు. మబ్బు చిరిగే చోటు కోసం చూస్తూనే ఉన్నాడు. ఎంతసేపో ఆయనకే తెలీదు.

ఇక్కడ బ్రాంప్టన్‌లోనూ మబ్బే. సరోజ చెల్లెమ్మ, మేమిద్దరం వాళ్ళ వంటింట్లో ఖాళీ ప్లేట్లు పెట్టుకుని కూర్చున్నాం. ఫోను మోగింది. వీడియో. బావ ముఖం నల్లగా పీక్కుపోయి ఉంది.

"జింక పడిందా?" అంది సరోజ చెల్లెమ్మ.

"పడలేదు సరోజా. పడి ఉంటే..."

చెల్లెమ్మ ఫోను రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది.

"రేపు ఆ తుపాకీ అమ్మేస్తా," అన్నాడు. ఫోను పక్కకి తిప్పాడు. తలకి తెల్ల తువ్వాలుతో ఒక పిల్ల బైనాక్యులర్‌లోంచి పైకి చూస్తోంది. "కొంచెం ఎడమకమ్మా... ఆ కొమ్మ పైన... ఇప్పుడు!"

"కనబడ్డది!" అని ఆ పిల్ల ఎగిరిన ఎగురుకి ఫోను కిందపడింది.

"ఎవరండీ ఆ పిల్ల?" అంది చెల్లెమ్మ.

"చెబుతా. ముందు ఆ పిల్లని తిననీ."

"అక్కడ కనబడిన చుక్క నాకు లెక్కకొస్తుందా అన్నయ్యగారూ?" అని నన్నడిగింది చెల్లెమ్మ. నేను నోరు తెరిచేలోపే మా కమల గిన్నె మూత తీసేసింది.

"ఉన్నది ఒకటే ఆకాశం వదినా. కూర్చో!"

పిల్లలు ఫోనుని నీళ్ళ సీసాకి ఆనించి పెట్టారు. నేలమీద దుప్పటి పరిచారు. నిద్రపోతున్నవాణ్ణి లేపారు. కుర్రాళ్ళు బావని మధ్యలో కూర్చోబెట్టి, వద్దంటున్నా పులిహోర కుమ్మరించారు. ఇటు మేము, అటు వాళ్ళు, అందరం ఒక్కసారే కూర్చున్నాం. వాళ్ళ ప్లేట్ల చప్పుడు మాకు వినిపిస్తోంది, మావి వాళ్ళకి.

బావ ముద్ద కలిపి చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా వర్ష మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగేదాకా చూశాడు. అప్పుడు తిన్నాడు.