ఎదురు గుర్రం

సోమపురంలో పొద్దున్నే అందరూ గుర్రమెక్కాలి. పసిపిల్లల దగ్గర్నుంచి పట్టణాధికారి దాకా ఎవరికీ మినహాయింపు లేదు. గాజు గుమ్మటం కింద బూడిదరంగు నేల, పైన ఎప్పుడూ నల్లటి ఆకాశం. ఆ ఊళ్ళో రంగులంటూ ఉన్నవి ఒక్క రాట్నానికే.

చంద్రుడి మీద మనిషి బరువు భూమ్మీద బరువులో ఆరో వంతు. నడవడానికి హాయిగానే ఉంటుంది. కానీ మోసే బరువు లేకపోతే ఎముక సోమరిదై, లోపల్లోపలే గుల్లబారిపోతుంది. అందుకే ఊరి ఇంజనీరు వరూధిని భారరాట్నం కట్టింది. గిన్నెలా అంచులు లేచిన పెద్ద పళ్లెం, అంచు చుట్టూ గుర్రాలు. పళ్లెం వేగంగా తిరిగినప్పుడు అపకేంద్ర బలం, అదే సెంట్రిఫ్యూగల్ ఫోర్స్, మనిషిని గుర్రానికేసి అదిమి భూమ్మీది బరువును తిరిగి ఇస్తుంది. అంతకుముందు జెయింట్ వీల్ కట్టబోతే గుమ్మటం ఎత్తు చాలలేదు. గిర్రున తిరిగే కప్పులు పెడితే ఎక్కినవాళ్ళంతా వాంతులు చేసుకున్నారు. ఉత్త ఇనప గదుల్లో తిప్పితే మర్నాడు ఒక్కరూ రాలేదు. చిన్నప్పుడు భీమిలి ఎగ్జిబిషన్‌లో ఎక్కిన రాట్నం గుర్తొచ్చి వరూధిని గుర్రాలు పెట్టించింది. జనం ఎగబడ్డారు.

ఒకటే చిక్కు. అంత వేగంలో ఒక పక్క బరువెక్కువైతే ఇరుసు విరుగుతుంది. ప్రతి గుర్రానికీ సరిగ్గా ఎదుటి గుర్రం మీద అంతే బరువున్న మనిషి ఉండాలి. జతలు కూర్చే యంత్రమెదడుకు తూకరి అని పేరు. ఎదుటి మనిషి రాకపోతే ఇవతలి మనిషీ దిగిపోవలసిందే. దాంతో ఊళ్ళో కొత్త చుట్టరికం పుట్టింది. ఎదురు గుర్రం వాళ్ళకు జ్వరమొస్తే చారు కాచి పట్టుకెళ్ళేవారు. పెళ్ళిళ్ళలో వాళ్ళకూ బట్టలు పెట్టేవారు.

వరూధినికి ఎదురు గుర్రం సొంత వదిన కామేశ్వరి. అన్నయ్య గనిలో పోయాక, అప్పటి ఓడలో భీమిలి వెళ్ళిపోతానన్న మనిషిని, "ఒక్కదాన్నీ ఉండలేను వదినా, వచ్చే ఓడలో ఇద్దరం కలిసే పోదాం" అని బతిమాలి ఆపింది వరూధినే. కామేశ్వరి ఊరుమ్మడి వంటశాలలో వండేది. పిండి చేతులతో పరుగెత్తుకొచ్చేది, అదీ రోజూ ఆలస్యంగానే.

"ఏటి చెయ్యనే వరూ, పప్పుడకలేదు. చంద్రుడి మీద పప్పు కూడా నాలాగే, తొందరపడదు" అనేది.

వరూధిని నవ్వేది. ఒకరోజు మాత్రం నవ్వలేదు. రెండో గుమ్మటం పని తలమీద ఉంది, దిగిపోయి తర్వాతి ఆట దాకా ఆగే తీరిక లేదు, రాట్నం కదలడం లేదు.

"వదిన బరువుకు సరిపడా రాళ్ళ బస్తా కట్టు" అంది తూకరితో. "ఇవాళ్టికి మాత్రమే."

"ఆలస్యమైన వాళ్ళందరికీ కట్టమంటారా?" తూకరి అడిగింది.

మిగతావాళ్ళు విసుగ్గా చూస్తున్నారు. "కట్టు" అంది వరూధిని.

మర్నాడు ఎవరో మళ్ళీ బస్తా అడిగారు. రాయికి జ్వరం రాదు, ఇంట్లో గొడవలుండవు, పెళ్ళికి బట్టలు పెట్టక్కర్లేదు. కొన్నాళ్ళకు వరూధిని ఎదుటి గుర్రంతో సహా సగం గుర్రాల మీద బస్తాలే తిరిగాయి. వంటవాళ్ళు, నర్సులు, గాలిని వడగట్టే జల్లెళ్ళు కడిగేవాళ్ళు పనులు ముగించుకుని వచ్చేసరికి ఏ గుర్రమూ ఖాళీగా ఉండేది కాదు. వాళ్ళు తర్వాతి ఆటకు ఎక్కుతారులే అని అందరూ అనుకున్నారు. తర్వాతి ఆటలోనూ బస్తాలే ఉండేవి.

"ఎక్కావా వదినా?" అన్నాల దగ్గర వరూధిని అడిగేది, కళ్ళు గుమ్మటం నక్షా మీద పెట్టుకుని.

"ఆఁ, ఎక్కీసేను. నువ్వు ముందు తిను."

ఏళ్ళు గడిచాయి. ఊరి కిందున్న గని మూసేశారు. ఇకమీద సరుకుల రాకెట్లు తప్ప మనుషుల్ని తీసుకెళ్ళే ఓడ రాదు, ఇదే ఆఖరిదని కబురొచ్చింది. ఓడలో వచ్చిన డాక్టర్ ఫిరోజ్ అందరి ఎముకలూ పరీక్షించాడు. వరూధినివి ఉక్కులా ఉన్నాయన్నాడు. కామేశ్వరి ఎక్స్‌రే చూసి వరూధినిని పక్కకు పిలిచాడు.

"భూమ్మీద దిగితే ఈవిడ పక్కటెముకలు ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఓర్చుకోవండీ. తీసుకెళ్ళలేను" అన్నాడు.

వరూధిని రాట్నం దగ్గరికి పరుగెత్తింది. "వదిన ఎప్పట్నుంచి ఎక్కడం లేదు?"

"మీరు బస్తా కట్టమన్న రోజు నుంచి" అంది తూకరి.

"నాకెందుకు చెప్పలేదు?"

"తూకం తప్పితే చెప్పమన్నారు. తూకం ఎప్పుడూ తప్పలేదు."

కామేశ్వరి వంటశాలలో అంట్లు సర్దుతోంది. వరూధిని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "అబద్ధమెందుకు చెప్పావు వదినా?"

"ఒకట్రెండు సార్లు వచ్చేనే. నా గుర్రం మీద బస్తా ఉంది. దింపమంటే నీ పని పాడైపోద్ది కదా. రేపెక్కుదాం, రేపెక్కుదాం అనుకున్నాను. అలా అయిపోనాది."

"నేనూ ఉండిపోతాను" అంది వరూధిని. అన్నదే గాని, ఆ మాట నోట్లో ఉండగానే భీమిలి సముద్రం మనసులో మెదిలింది. వదిన వద్దంటే బాగుండునని కోరుకుంది. ఆ కోరికకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కామేశ్వరి ఆ మొహంలోకి ఒకసారి చూసింది. "వద్దులే. నువ్వెళ్ళు" అంది.

వరూధిని రెండోసారి అనలేదు.

ఓడ బయల్దేరే పొద్దున వరూధిని కడసారి చెప్పిపోదామని రాట్నం దగ్గరికి వచ్చేసరికి కామేశ్వరి అప్పటికే గుర్రం మీద ఉంది. జీవితంలో మొదటిసారి వేళకు వచ్చింది. చేతులకు పిండి కూడా లేదు.

"ఎదురు గుర్రం ఖాళీగా ఉంది" అంది తూకరి.

"మా వరూ బరువుకి రాళ్ళు కట్టు నాయనా" అంది కామేశ్వరి, వరూధిని వైపు చూడకుండానే.

యంత్రపు చెయ్యి బస్తా తెచ్చి వరూధిని గుర్రం మీద కూర్చోబెట్టింది. కామేశ్వరి దాన్ని చూసి, రోజూ వరూధినితో చెప్పినట్టే, పప్పుడకలేదని ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

"తూకం సరిపోయింది" అంది తూకరి. రాట్నం కదిలింది.