డ్రైవర్లు ఎక్కని లాప్‌టాప్

డిటెక్టివ్ ఆఫీసు మెట్లు ఎక్కేలోపే ఆ తల్లి మనసులో కూతురు లారీ కింద పడింది, బావిలో పడింది, చెప్పుకోలేని చోట్ల కూడా పడింది.

"మా అమ్మాయి నిన్నటినుంచి కనబడటం లేదు బాబూ. ఎవడితోనో వెళ్లిపోయిందంటున్నాడు అల్లుడు. నా పిల్ల అలాంటిది కాదు. దానికేదో అయింది!"

డిటెక్టివ్ వెంటనే లేచాడు. సహాయకుడు వెంట నడిచాడు.

అల్లుడి ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మేడమీది గదికి వేసిన తాళం నిగనిగలాడుతుంటే తల్లి అటే చూసింది. "అది పాత సామాను గది," అన్నాడు అల్లుడు. ముందుగదిలో బల్లమీద పాత లాప్‌టాప్, దాని పక్కన డ్రైవర్లనే సాఫ్ట్‌వేర్ డిస్కు ఉన్నాయి.

"నిన్న మధ్యాహ్నం నేను వచ్చేసరికి దీంట్లో ఎవడితోనో వీడియోలో మాట్లాడుతోంది," అన్నాడు అల్లుడు. "వాడి నవ్వు వీధిలోకి వినబడింది. సాయంత్రానికి మనిషి లేదు. నా పరువు తీసింది అత్తయ్యా."

డిటెక్టివ్ లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పాడు. "దీనికి డిస్కు పెట్టే చోటే లేదే?"

"నాకేం తెలుసండీ? నేను దాన్ని ముట్టుకోను."

తెర తెరిస్తే అంతా ఖాళీ. మూలన స్పీకరు బొమ్మ మీద ఎర్రగుర్తు ఉంది. డిటెక్టివ్ చెవిలో చెప్పిన మాటకు సహాయకుడు పరుగున వెళ్లి, వీధి చివరి రిపేరుషాపు మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

"నిన్న పొద్దున అమ్మాయిగారే తెచ్చారండీ, లోపలున్నదంతా తుడిచి ఫార్మాట్ చేసిచ్చాను," అన్నాడతను. "ఈ పాత మోడల్ డ్రైవర్లు నెట్‌లోంచి తీసేశారు. ఇంట్లో డిస్కుందన్నారు. తెస్తే నా కంప్యూటర్లో పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిస్తానన్నా. మళ్లీ రాలేదు. ఇవాళ ఉద్యోగం ఇంటర్వ్యూ అని ఎంత తొందరపడ్డారో!"

అందరినీ కూర్చోబెట్టి డిటెక్టివ్ మెల్లగా అన్నాడు: "షాపుకి పట్టుకెళ్లాలని ఆమె డిస్కు వెతికి బల్లమీద పెట్టుకుంది. అది అక్కడే ఉండిపోయింది. డ్రైవర్లు ఎక్కకుండా దీనికి నెట్ రాదు, చప్పుడూ రాదు. మీకు వీధిలోకి నవ్వు ఎలా వినిపించింది?"

సహాయకుడు వెళ్లి వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అది ఫోన్లో... నేను పొరపాటున..." అని నసిగాడు అల్లుడు.

"మేడమీది పాత సామానుకి కొత్త తాళం కూడా పొరపాటేనా?"

అల్లుడు గోడకు జారగిలబడ్డాడు. "ఉద్యోగం వద్దన్నాను. వినలేదు. ఒక్క తోపు తోశాను, అంతే. తల గడపకు తగిలింది. ఇంక కదల్లేదు. భయమేసి పైన పెట్టి తాళం వేశాను..."

తల్లి అప్పటికే మెట్ల మీద ఉంది. సహాయకుడు తాళం పగలగొట్టాడు. పాత పరుపు మీద కూతురు, జుట్టులో ఎండిన నెత్తురు. తల్లి కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టింది కానీ, ఊపిరి తగిలిందో లేదో తెలియలేదు. డిటెక్టివ్ అమ్మాయి మణికట్టు పట్టుకున్నాడు. ఆ క్షణంలో తల్లి మనసు పాడె దాకా వెళ్లొచ్చింది.

"ఉందమ్మా. నాడి ఉంది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యవోయ్!"

కాసేపటికి కూతురి పెదాలు కదిలాయి. "అమ్మా... తలుపు మూయకు."

తల్లి కూతురి తల ఒళ్లోకి తీసుకుని, ఒక కాలు తలుపుకు అడ్డంగా చాపి, స్ట్రెచర్ వచ్చేదాకా తియ్యలేదు.