కూర్మనాథం నాలుక

"నోరు తెరండి బావూ. ఇంకా... ఆఁ, అలాగ."

పైడమ్మ తాటాకు బద్దతో కూర్మనాథం నాలుక మీద మిగిలిన నిన్నటి పూతను గీసింది. గులాబీరంగు జిగురు పళ్ళెంలోకి జారింది. ఈ పని కోసం ఛానెల్‌వాళ్ళు పదకొండు యంత్రాలు తెప్పించారు. పదకొండూ ఆ జిగురుకి పళ్ళు ఊడి మూలపడ్డాయి. పోయినేడు దాన్ని నాకిన పిల్లి ఒకటి స్టూడియో గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే కార్లన్నిటికీ ముందుకాళ్ళెత్తి దండాలు పెడుతోందని వాచ్‌మన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఆమె కొత్త మధుపూత పూసింది. గోడమీది రసమాపకంలో ముల్లు వణికి, తీపిరేఖను దాటి నిలిచింది. ఇక గంటసేపు ముఖాముఖీలో ఎదుట ఎవరు కూర్చున్నా కూర్మనాథానికి తియ్యగానే ఉంటారు. ఆ తీపి అదే క్షణాన, రుచిపట్టీలు అంటించుకున్న ఏడు కోట్ల నాలుకల మీద ఊరుతుంది. జనం ప్రముఖుల మాటలు వినడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు చప్పరిస్తారు. పట్టీ మంచిదైతే చివరి రుచి గంటసేపు పోదు.

ముల్లు రేఖ కిందికి దిగిందా, నాలుక మూసేస్తారు. ఇతనికి ముందు ఈ కుర్చీలో కూర్చున్న సన్యాసిరావు ఒక మంత్రిగారి ఎదుట ఒక్కసారి ముఖం చిట్లించాడు. ఇప్పుడతనికి పెరుగన్నమూ సున్నపుముద్దా ఒకటే. కూర్మనాథం తిండిప్రియుడు. షో అయ్యి పూత పలచబడ్డాక, పైడమ్మ తెచ్చే చింతచిగురు ఎండురొయ్యల కూర డబ్బా మూత తీయడం కోసమే అతను రోజంతా బతికేది.

"ఇయాళ మహోదయ్ బాబంటగా?" అందామె, చేతులు తుడుచుకుంటూ.

"అవును."

"రేపు దీపస్తంభం కాడ ఆయన బొమ్మ నిలబెడతారంట."

"అంటున్నారు."

ఆమె అనవలసింది ఇరవై రెండేళ్ళ కిందటే అంది. ఆ దీపస్తంభం మీంచి సినిమా కోసం సముద్రంలోకి దూకింది హీరో మహోదయ్ కాదు. అతని బదులు దూకే అప్పలసూరి, పైడమ్మ మొగుడు. మూడోరోజు శవమై ఒడ్డుకు వచ్చాడు. ఆ నెలలోనే మహోదయ్ ఈ కార్యక్రమానికి వచ్చి, దూకింది తానేనన్నాడు. పనికోసం వచ్చిన పైడమ్మ, "ఆయన నోట మావోడి పేరొక్కపాలి సెప్పించండి బావూ," అని అడిగింది. "చూద్దాం పైడమ్మా," అన్నాడు కూర్మనాథం. ఆ చూడడం ఇంకా అవలేదు.

"బద్ద ఎక్కడెట్టానో," అని ఆమె వెతుక్కుంటుండగా అతను సెట్టుమీదికి నడిచాడు. బద్ద అతని జుబ్బా జేబులో ఉంది.

సెట్టుకు వెళ్ళే దారి గోడలనిండా అతని మరపురాని ముఖాముఖీలు వెలుగుతుంటాయి. వరదబాధితుల కోసం విలపించిన నాయకుడు: కన్నీళ్ళు చెవివెనకాల గొట్టంలోంచి వచ్చేవి, మధ్యలో గొట్టం జారి మెడలోంచి ఏడ్చాడు. గాలిలో తేలిన స్వామివారు: కిందికి దిగే మీట పాడై కప్పుకు అంటుకుపోతే, జాలర్లు వచ్చి గేలం వేసి లాగారు. గొంతు కారులో మరిచిపోయి వచ్చిన గాయని. అన్నిటికీ అతను "అద్భుతం!" అన్నాడు. అన్నిటికీ ముల్లు తీపిరేఖ పైనే ఉంది. పూత నాలుకను కప్పుతుంది గాని కడుపును కప్పదు. మింగినవన్నీ అక్కడ పేరుకుని, ఈమధ్య అద్దంలో తన ముఖం చూసుకున్నా డోకు వస్తోంది.

మహోదయ్‌కి తొంభై ఒకటి. ఇప్పటికీ కాలేజీ కుర్రాడి వేషాలే. మూడో చర్మం మీద ఉన్నాడు. ముందు దవడ నవ్వుతుంది, కాసేపటికి చర్మం వచ్చి కలుస్తుంది.

"ఆ దూకుడు గురించి మళ్ళీ ఒక్కసారి చెప్పండి సార్," అన్నాడు కూర్మనాథం.

"ఏం చెప్పమంటావయ్యా! డూపు వద్దన్నాను. పేదవాడి ప్రాణం ప్రాణం కాదా అన్నాను. నేనే దూకాను. ఇదిగో, ఆ దెబ్బ!" అంటూ మహోదయ్ ప్యాంటు పైకి మడిచాడు.

మొదటి ముఖాముఖీలో మచ్చ కుడిమోకాలి మీద ఉంది. మూడోసారికి ఎడమకాలికి వచ్చింది. ఇవాళ రెండు మోకాళ్ళ మీదా ఉంది. ఒకదాని అంచు లేచి, లైట్ల వేడికి మెల్లగా ముడుచుకుంటోంది.

"నూట పన్నెండు! తీపి నూట పన్నెండు!" చెవిలో రసాధికారి ప్రద్యుమ్న గొంతు. "అద్భుతం అనండి గురువుగారూ!"

కూర్మనాథానికి డబ్బాలోని చింతచిగురు గుర్తొచ్చింది. చాలాసేపు గుర్తొచ్చింది.

"ఒక్క నిమిషం సార్," అని జేబులోంచి తాటాకు బద్ద తీసి, రెండు చేతులా పట్టుకుని, ఏడు కోట్లమంది ఎదుట నాలుక బరబరా గీసుకున్నాడు. గులాబీ జిగురు మహోదయ్ మెరుగుబూటు మీద పడింది.

"ఏం చేస్తున్నారు! ఆపండి!" ప్రద్యుమ్న అరిచాడు.

"ఆ రోజు దూకినవాడి పేరేమిటి సార్?"

"నేనే కదటయ్యా..." దవడ నవ్వింది. చర్మం రాలేదు.

అప్పుడు తగిలింది రుచి. మురిగిన చేపనీళ్ళూ, చెమటపట్టిన అత్తరుగుడ్డా, తుప్పూ కలిపి కాచినట్టు, ఇన్నేళ్ళ "అద్భుతం"లన్నీ ఒక్కసారిగా పొంగుకొచ్చాయి. అందులో మహోదయ్ ఒక్కడే లేడు. అడుగున కూర్మనాథమూ ఉన్నాడు. రసమాపకం ముల్లు తిరిగి తిరిగి ఊడిపడింది. ప్రద్యుమ్న మీట నొక్కేలోగా ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఏడు కోట్ల నోళ్ళు ఒక్కసారే "థూ" అన్నాయి. ఆ ఊపుకి రేవులో లంగరేసిన ఓడలు మూరెడు పక్కకి జరిగాయని తరవాత చెప్పుకున్నారు.

"అప్పలసూరి," అన్నాడు కూర్మనాథం కెమెరాలోకి చూస్తూ. "దూకినవాడు జాలారిపేట అప్పలసూరి."

అతని నాలుక అక్కడితో మూతపడింది. ప్రసారం మాత్రం ఆగలేదు. ప్రద్యుమ్న దాచి ఉంచిన తీపినంతా వరసగా వదులుతూ పోయాడు. జనం నాలుకమీద పెట్టుకోవడం, ఉమ్మేయడం. "తియ్యగానే ఉంది కదండీ, ఎందుకు ఉమ్ముతున్నారు!" అని అతను ఎవరినో ఫోనులో బతిమాలుతున్నాడు.

మేకప్ గదిలో పైడమ్మ డబ్బా మూత తీసి పెట్టింది. కూర్మనాథం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నానిన కాగితంలా ఉంది. అయినా నమిలాడు.

ఏనాడూ రుచిపట్టీ ముట్టని పైడమ్మ, ఆ మొదటి "థూ"తోనే ఎవరో ఉమ్మి పారేసిన పట్టీ నేలమీంచి తీసి, నీళ్ళతో కడిగి నాలుకమీద పెట్టుకుంది. అతను ఆమె ముఖం వంకే చూశాడు. ఆమె ముఖం చిట్లించలేదు. ఉమ్మలేదు.

"ఎలా ఉంది పైడమ్మా?"

ఆమె గుటక వేసింది.

"కొత్తదేటి కాదు బావూ. ఇరవై రెండేళ్ళుగా నా నోట్లో ఉన్నదే."