మంత్రం లేని చీపురు

ఏజెంట్ పదకొండు ఇల్లు ఊడుస్తోంది. తలుపు గడియ పెట్టి, కిటికీల తెరలు లాగి, ఎవరి కంటా పడకుండా ఊడుస్తోంది.

ఆ ఊళ్ళో ఇల్లు ఊడవడం తప్పేమీ కాదు. చేత్తో ఊడవడమే ఎవరూ చెయ్యరు. అది మాంత్రికుల ఊరు. పొద్దున్నే ఇంటావిడ ఒక మాట అంటుంది. చీపురు దానంతటది లేచి మూలమూలా ఊడ్చి, చెత్త ఎత్తి పారేసి, తలుపు వెనక బుద్ధిగా నిలబడుతుంది. పదకొండుకు మంత్రం రాదు. ఆ సంగతి చీపురుకు తెలుసు. ఆమె ఇటు లాగితే అది అటు లాగుతుంది. మంచం కిందికి తోస్తే మొండికేస్తుంది. పైగా ఆమె భుజం దాకా వచ్చే బరువైన కర్ర ఒకటి.

"నీకు పుణ్యముంటుంది, ఆ మూలకి ఒక్కసారి రావే," అంది పదకొండు.

చీపురు పోగేసిన చెత్తనంతా మళ్ళీ గది మధ్యలోకి చిమ్మింది.

పది నెలలుగా ఇదే వరస. డిపార్ట్‌మెంట్ ఆమెకు గోడలెక్కడం నేర్పింది, తాళాలు తియ్యడం నేర్పింది, నాలుగు భాషలు నేర్పింది. ఇచ్చిన గాడ్జెట్లు మాత్రం ఊరి ముందు వంతెన దాటగానే చచ్చిపోయాయి. ఊరి గాలిలో ఉన్న మంత్రం బ్యాటరీలన్నిటినీ తాగేసింది. మిగిలింది ఒక్కటే. చూడటానికి మంత్రదండం. పిడి తిప్పితే కొసలోంచి స్క్రూడ్రైవర్ బయటికొస్తుంది.

చీపుళ్ళ దుకాణం నడిపే ముసలామెకు తమ్ముడి కూతురు. అదీ ఆమె కవర్. చిన్నప్పుడే ఊరు వదిలిన మేనకోడలు తిరిగొచ్చిందని ఫైల్లో రాశారు. ముసలామె మారు మాట్లాడకుండా గది ఇచ్చింది, దుప్పటి ఇచ్చింది. మొదటి నెలలో ఆమెను 'అత్తా' అని పిలవడం డ్యూటీ. ఇప్పుడు పక్కగదిలో అత్త దగ్గితే పదకొండుకు నిద్ర పట్టడం లేదు.

మంత్రం రానివాళ్ళు ఆ ఊళ్ళో దొరికితే కొట్టరు, తిట్టరు. ఒక కప్పు మరుపు కషాయం తాగించి వంతెన అవతల కూర్చోబెడతారు. ఆపరేషన్ పోతుంది. అత్త కూడా పోతుంది. అత్త అంటూ ఒకామె ఉండేదన్న సంగతే మిగలదు.

వీధిలోంచి కేక వినిపించింది. "సబ్బులమ్మా, సబ్బులు!"

పదకొండు చీపురు వదిలేసి తలుపు తీసింది. "నురగ రాని సబ్బుందా?"

"ఉందమ్మా. వాసన కూడా రాదు."

"మరి ఎందుకది?"

"కిట్టనివాళ్ళకి బహుమతిగా ఇవ్వడానికి."

ఆ చివరి మాట కోడ్‌లో లేదు. సబ్బులాయన వచ్చిన ప్రతిసారీ అదే జోకు. డిపార్ట్‌మెంట్‌తో ఆమెకున్న కాంటాక్ట్ ఆయనొక్కడే. పెట్టె దించి, సబ్బులు సర్దుతున్నట్టు తల వంచాడు.

"ఈరోజే. పన్నెండింటికి."

"ఎక్కడ?"

"టీ హాల్లో. పెద్దల మీటింగ్ టైముకి. టార్గెట్, మంత్రదండాలు."

"ఎలా?"

"టైమ్ బాంబ్. బ్యాటరీ ఉండదు, స్ప్రింగ్ మీద నడుస్తుంది. పెట్టిన మనిషి ఊళ్ళోనే ఉన్నారు. కోడ్‌నేమ్ నెమలి."

"నెమలి ఎవరు?"

"అది తెలిస్తే నేను సబ్బులెందుకు అమ్ముకుంటాను?"

పదకొండుకు మిగతాది చెప్పనక్కర్లేదు. వారానికోసారి తొమ్మిదిమంది పెద్దలు టీ హాల్లో కూర్చుంటారు. అందులో అత్త ఒకరు. లోపలికెళ్ళేముందు దండాలు గుమ్మం దగ్గర బీరువాలో పెట్టి బిళ్ళ తీసుకోవాలి. నలభై ఏళ్ళ కిందట కిటికీ పక్క కుర్చీ కోసం ఇద్దరు తగువుపడి, ఒకాయన మూడు రోజులు ముక్కాలి పీటగా ఉండిపోయిన దగ్గర్నుంచీ అదే రూలు. టీ అయ్యాక దండాలు తీసుకుని, తొమ్మిదిమందీ కలిసి ఊరిని బయటి కళ్ళకు కనపడకుండా దాచే తెరను మళ్ళీ నేస్తారు. ఈరోజు నెయ్యకపోతే సాయంత్రానికి తెర చిరిగిపోతుంది. కొండ వెనక విదేశీ ముఠా లారీలు దానికోసమే కాచుకుని ఉన్నాయి. మాంత్రికులను పట్టుకెళ్ళి ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకు అమ్మడం ఆ ముఠా వ్యాపారం.

"హాలు ఖాళీ చేయించేస్తాను," అంది.

"కవర్ పోకూడదు. చీఫ్ మాట."

"బాంబు పేలకూడదు, నేను నోరు విప్పకూడదు. అంతేగా?"

"అంతే. ఒక సబ్బు ఇవ్వనా?"

ఆమె తలుపు ఆయన మొహం మీదే వేసింది.

*

అద్దాల దుకాణం మేడం ఆ ఊరి మొత్తానికి అందగత్తె. ఆమె వీధిలో నడిస్తే టోపీల దుకాణంలో టోపీలు కూడా తిరిగి చూస్తాయి. డిపార్ట్‌మెంట్ జాబితాలో ఆమె ఇన్‌ఫార్మర్. పదకొండుకు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సహాయం.

దుకాణంలో అద్దాలు ఎప్పటిలా వాగుతున్నాయి. "కళ్ళ కింద ఆ నలుపేంటమ్మా?" అంది ఒకటి. "వయసు," అంది ఇంకొకటి. పదకొండు వాటికి వీపు పెట్టి నిలబడింది.

మేడం లోపలి గదిలోంచి వేళ్ళు ఒక గుడ్డకు తుడుచుకుంటూ వచ్చింది. ముదురు నీలం గౌను, చెవులకు పొడవాటి లోలాకులు. విషయమంతా విని, పదకొండు భుజం మీద చెయ్యి వేసింది.

"కంగారు పడకు చెల్లీ. టీ హాలు నేను చూసుకుంటాను. నువ్వు కషాయాల దుకాణానికి వెళ్ళు. నిన్న అక్కడికో కొత్త పెట్టె వచ్చింది. నెమలి అక్కడే ఉన్నాడేమోనని నా అనుమానం."

పదకొండు వెళ్ళింది. కషాయాల దుకాణంలో తొందర అన్న మాట పనికిరాదు. దుకాణదారు ప్రతి మనిషినీ వాసన చూసి, నాలుక చూపించమని, అప్పుడు సీసా తీస్తాడు. సీసాలు మళ్ళీ "నన్నెందుకు తీశావు, దాన్ని తియ్యి" అని దెబ్బలాడుకుంటాయి. ముందు ఆరుగురున్నారు. పెట్టె చూడాలంటే పదకొండును కూడా వరసలో నిలబడమన్నాడు. నిలబడింది. అరగంట పోయింది. ఇంకో పావుగంట పోయింది. తీరా చూస్తే పెట్టె నిండా ఎండిన మందు వేర్లు, పైన పడుకున్న దుకాణం పిల్లి.

"పెట్టె చూశావుగా, నాలుక చూపించు," అన్నాడు దుకాణదారు.

"నాకేం జబ్బు లేదు."

"అది నేను చెప్పాలి."

అప్పుడే ఒక సీసా అలిగి బల్ల మీద బోర్లా పడింది. నల్లటి కషాయం బల్లంతా పాకింది. దుకాణదారు అటు చూడనైనా చూడకుండా దండం ఆడించాడు. కషాయం చుక్కచుక్కా లేచి సీసాలోకి వెళ్ళిపోయింది. బల్ల పొడిగా మెరిసింది.

పదకొండు ఆ బల్లనే చూస్తూ ఉండిపోయింది.

ఈ ఊళ్ళో ఎవరూ దేన్నీ తుడవరు. ఇల్లిల్లూ వెతికినా చేతిగుడ్డ దొరకదు. ఈ పది నెలల్లో గుడ్డ వాడింది తనొక్కతే, అదీ తలుపేసుకుని. మరి మేడం వేళ్ళు గుడ్డకెందుకు తుడుచుకుంది? ఆ గుడ్డ మీది మరక నల్లగా, జిడ్డుగా ఉంది. మిషన్ ఆయిల్. మేడంకు కూడా మంత్రం రాదు. స్ప్రింగ్ బిగించడం మాత్రం వచ్చు. నెమలి ఆమే.

"నాలుక," అన్నాడు దుకాణదారు.

పదకొండు నాలుక చాపి చూపించి పరుగెత్తింది.

*

టీ హాలు గుమ్మంలో బిళ్ళల తాత అడ్డం నిలబడ్డాడు. దండాలు తీసుకుని బిళ్ళలివ్వడం ఆయన ఉద్యోగం. నలభై ఏళ్ళుగా ఇంకో పని చెయ్యలేదు.

"దండం ఇక్కడ పెట్టమ్మా. బిళ్ళ తీసుకో."

"తాతా, బీరువాలో ప్రమాదం ఉంది. పక్కకి జరుగు."

"దండం పెట్టి చెప్పు."

ఆయన వెనక కొత్త బీరువా. తలుపుకు నిలువుటద్దం. పోయిన వారమే అద్దాల మేడం హాలుకు బహుమతిగా ఇచ్చింది. పదకొండు చెవి ఒగ్గింది. టిక్, టిక్, టిక్. ఊళ్ళో గడియారాలు ఇలా కొట్టుకోవు. గొంతు సవరించుకుని టైము చెబుతాయి, అంతే. ఈ చప్పుడేంటో ఇక్కడెవరికీ తెలియదు.

"ఆ చప్పుడు ఎప్పట్నుంచి తాతా?"

"పొద్దుట్నుంచి. అద్దం ఊపిరి పీలుస్తోంది. కొత్త రకంట, ముచ్చటగా లేదూ?"

హాల్లోంచి పెద్దాయన తల తిప్పాడు. తొమ్మిదిమందిలో ఆయన మాటే చివరి మాట. "ఏంటమ్మాయ్ గొడవ?"

"అయ్యా, బీరువాలో బాంబుంది. అందర్నీ బయటికి పంపండి."

పెద్దాయన గుమ్మం పైన వేలాడుతున్న గంటను చూపించాడు. చెడ్డ మంత్రం దగ్గరికొస్తే మోగే గంట అది. "మోగలేదుగా. మంత్రం లేదు. మంత్రం లేని దానివల్ల ప్రమాదమేముంటుంది తల్లీ? కూర్చో, టీ తాగు."

"మంత్రం లేకపోబట్టే ప్రమాదం!"

"వింతగా మాట్లాడుతున్నావే," అని ఆయన మళ్ళీ కప్పు అందుకున్నాడు.

పదకొండుకు గట్టిగా అరవాలనిపించింది. గోడ గడియారం గొంతు సవరించుకుంది. "పన్నెండుకు నాలుగు నిమిషాలు."

"దండం," అన్నాడు తాత చెయ్యి చాపి.

"కూర్చునేవాళ్ళు కదా దండం పెట్టాల్సింది? నేను కూర్చోను. నిలబడే ఉంటా."

తాత ఆలోచనలో పడ్డాడు. రూల్లో నిలబడేవాళ్ళ సంగతి లేదు. ఆయన ఆలోచిస్తుండగానే ఆమె బీరువా ముందుకు దూరి, పిడి తిప్పి, అద్దం చట్రానికి ఉన్న మొదటి స్క్రూ మీద కొస పెట్టింది. ఎనిమిది స్క్రూలు. రెండోది బిగుసుకుపోయింది. అది వదలడానికే ఒక నిమిషం పట్టింది.

"ఆపండి ఆమెను!"

గుమ్మం పక్క బల్ల దగ్గర మేడం లేచి నిలబడింది. ముందున్న కప్పులో టీ ముట్టుకోలేదు. "చేతుల్తో తిప్పుతోంది, చూడండి. ఈ పిల్లకి మంత్రం రాదు. కావాలంటే ఆ దీపం వెలిగించమనండి."

హాలంతా కప్పులు కిందికి దిగాయి. అందరి కళ్ళూ పదకొండు వీపు మీద. ఆరో స్క్రూ ఊడింది.

"వెలిగించమ్మాయ్," అన్నాడు పెద్దాయన. గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"ఒక్క నిమిషం ఉంది," అంది గడియారం.

ఏడోది. ఎనిమిదోది. అద్దం చేతికొచ్చింది. వెనక ఇత్తడి చక్రాలు, చుట్టలు చుట్టిన స్ప్రింగ్, కింద ఎర్ర పొట్లాలు. ఇప్పుడు వెనక్కి తిరిగి ఏదో ఒకటి చెబితే టైము పోతుంది. చెప్పకపోతే కవర్ పోతుంది. వంతెన, కషాయం కప్పు, అత్త దగ్గు అన్నీ ఒక్కసారి కళ్ళముందు ఆడాయి. పోతే పోనీ అనుకుంది.

"నాకు మంత్రం..."

"నోర్ముయ్యి పిల్లా. పని చూడు."

అది అత్త గొంతు. ఆ వెంటనే హాలు మధ్య దీపం భగ్గుమని వెలిగింది.

"చాలా?" అంది అత్త అందరినీ చూస్తూ. "పనిలో ఉన్న మనిషి చేత దీపాలు వెలిగిస్తారా? ఇంకేం చేయిస్తారు, గెంతిస్తారా?"

పదకొండు స్క్రూడ్రైవర్ కొసను రెండు పళ్ళ చక్రాల మధ్య గుచ్చి, బరువంతా వేసి నొక్కింది. చక్రం గిలగిల్లాడింది. కొస వంగింది. టిక్. టి...

చప్పుడు ఆగింది.

గడియారం గొంతు సవరించుకుంది. "పన్నెండు. కప్పులు తీసెయ్యండి."

మేడం అప్పటికే గుమ్మంలో ఉంది. బిళ్ళల తాత అడ్డం నిలబడ్డాడు.

"మేడం, బిళ్ళ ఇచ్చి దండం తీసుకోండి."

"తర్వాత తీసుకుంటా. జరుగు!"

"దండం లేకుండా ఎవరైనా వెళ్తారా? నలభై ఏళ్ళలో ఎవరూ వెళ్ళలేదు."

ఆమె ఆయన్ను తోసింది. ఆయన గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుని కదల్లేదు. ఈలోగా పెద్దాయన బీరువా దగ్గరికి వచ్చి మేడం దండాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. వట్టి రంగేసిన కర్ర. అప్పుడు గానీ ఆయనకు ఎర్ర పొట్లాలు కనిపించలేదు.

"మంత్రం లేకుండా కూడా చంపొచ్చన్నమాట," అన్నాడు, కొత్త విద్యేదో విన్నట్టు.

మేడం కషాయం తాగి వంతెన దాటింది. పెద్దలు తొమ్మిదిమందీ తెర నేశారు. కొండ వెనక లారీలు చీకటి పడేదాకా చూసి, ఉత్త కొండను చూసి, వెనక్కి పోయాయి. టీ హాల్లో టిక్ టిక్ వినిపిస్తోందేమోనని చెవి ఒగ్గి వినే మనిషి అవసరమా అన్న విషయం మాత్రం వచ్చే వారానికి వాయిదా పడింది.

హాలు ఖాళీ అయ్యాక అత్త కూర్చున్న కుర్చీ కింద పదకొండుకు ఒక చీపురుపుల్ల కనిపించింది. కొస దాకా కాలిపోయి ఉంది. దండాలన్నీ బీరువాలో ఉంటే దీపం దేనితో వెలిగిందో ఆమెకు అర్థమైంది. పుల్లను జేబులో వేసుకుంది.

*

మర్నాడు పొద్దున సబ్బులాయన చీఫ్ మెసేజ్ తెచ్చాడు. సబ్బు కాగితం లోపలి వైపు రెండే వాక్యాలు.

"పని బాగుంది. ఇంకో సంవత్సరం అక్కడే ఉండు."

"సెలవు సంగతి?" అంది పదకొండు.

"దాని గురించి ఏమీ రాయలేదమ్మా. వంగిన స్క్రూడ్రైవర్‌కి మాత్రం సంజాయిషీ రాసివ్వమన్నారు."

ఆమె తలుపేసి, గడియ పెట్టి, తెరలు లాగి, చీపురు పట్టుకుంది. చీపురు అటు లాగింది. ఆమె ఇటు లాగింది. చెత్త గది మధ్యలోకి చిమ్మింది.

"నా ఖర్మ," అంది పైకే.

వెనక అలికిడయింది. అత్త లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. పదకొండు చీపురు వదలనూ లేదు, దాచనూ లేదు.

అత్త నెమ్మదిగా వచ్చి, ఆమె చేతిలోంచి ఆ చీపురు లాక్కుంది. చంకలో ఉన్న ఇంకో చీపురు గోడకు ఆనించింది. పొట్టిది, తేలికైనది, పదకొండు చేతికి సరిగ్గా సరిపోయే పిడి. అందులో మంత్రం పిసరంత కూడా లేదు. పిడికి చుట్టిన తాడు నలిగి, రంగు వెలిసి ఉంది. నిన్నా మొన్నా కట్టిన చీపురు కాదు. నెలల కిందట కట్టి, ఎప్పుడిద్దామా అని దాచిన చీపురు.

"అత్తా..." అంది పదకొండు.

అత్త గడియ తీసింది. వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసింది. పాత చీపురు భుజాన వేసుకుని, బయటి నుంచి తలుపు గట్టిగా దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.